ఫోల్డర్లు విడదీస్తే మేక్ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మా నాన్న గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ కోసం స్లాబుల చదరపు అడుగులు లెక్కకట్టి బిల్లు వేసే ప్రోగ్రామ్ సీ భాషలో రాస్తున్నాను. ఫైళ్లు ఎక్కువయ్యాయని .సీ ఫైళ్లన్నీ ఎస్ఆర్‌సీ ఫోల్డర్‌లోకి మార్చాను. వాటిని కంపైల్ చేస్తే వచ్చే .ఓ ఫైళ్లు ఓబీజే ఫోల్డర్‌లోకి రావాలని, మేక్ అనే బిల్డ్ ప్రోగ్రామ్ చదివే మేక్‌ఫైల్ జాబితాలో ఓబీజే/స్లాబ్.ఓ అని రాశాను. ఏ ఫైల్ నుంచి ఏది తయారవ్వాలో చెప్పే రూల్ పాతదే, %.ఓ: %.సీ. ఇప్పుడు మేక్ కొడితే ఓబీజే/స్లాబ్.ఓ తయారీకి రూల్ లేదంటోంది. కళ్లెదుటే ఉంది కదా!
– ఇంజినీరింగ్ విద్యార్థిని, చీమకుర్తి

జవాబు: రూల్ ఉంది. కానీ అది సీ ఫైల్‌ను వేరేచోట వెతుకుతోంది. రూల్‌లో ఫోల్డర్ పేరు లేకపోతే గ్నూ మేక్ ముందు ‘ఓబీజే/’ను పక్కన పెట్టి ‘స్లాబ్’ను పట్టుకుంటుంది. తర్వాత అదే ఫోల్డర్ పేరును సీ ఫైల్‌కూ తగిలిస్తుంది. అంటే ఓబీజే/స్లాబ్.సీ కోసం చూస్తుంది. అది అక్కడ లేదు కాబట్టి ఆ రూల్‌ను వదిలేస్తుంది. అందుకే రెండు వైపులా ఫోల్డర్ పేరు మీరే రాయాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఇలా టైప్ చేయండి:

ఓబీజే/%.ఓ: ఎస్ఆర్‌సీ/%.సీ | ఓబీజే
	జీసీసీ -ఎంఎండీ -సీ $< -ఓ $@

రెండో లైన్ ట్యాబ్‌తోనే మొదలవ్వాలి. మీ ఊళ్లో క్వారీలో బ్లాక్ మీద వేసిన నంబరే ఫ్యాక్టరీలో కోసిన స్లాబుల మీదా ఉంటుంది కదా, % అలాంటి నంబరు. చోటు మారినా అది మారదు. జీసీసీ అంటే కంపైలర్, $< అంటే తీసుకునే సీ ఫైల్, $@ అంటే తయారయ్యే .ఓ ఫైల్.

ఆ నిలువు గీతను మాత్రం మర్చిపోకండి. ఓబీజే ఫోల్డర్ లేకపోతే ఎంకేడిర్ -పీతో సృష్టించే చిన్న రూల్ ఒకటి విడిగా రాయాలి. గీత లేకుండా ఆ ఫోల్డర్‌ను మామూలుగా కలిపి రాసి నేను ఒక సాయంత్రమంతా తల పట్టుకున్నాను. ఏమీ మార్చకపోయినా ఫైళ్లు మళ్లీ మళ్లీ కంపైల్ అయ్యేవి. ఫోల్డర్‌లో కొత్త ఫైల్ పడగానే ఆ ఫోల్డర్ టైమ్ మారుతుంది. దాంతో అంతకుముందు తయారైన .ఓ ఫైళ్లు పాతబడ్డాయని మేక్ అనుకుంటుంది. గీత పెడితే ఫోల్డర్ ఉందా లేదా అనే చూస్తుంది, టైమ్ చూడదు.

ఇక -ఎంఎండీ ఎందుకంటారా? చదరపు అడుగు రేటును హెడర్ ఫైల్‌లో, అంటే సీ ఫైళ్లు తమలో కలుపుకునే .హెచ్ ఫైల్‌లో పెట్టారనుకోండి. ఈ రూల్‌కు హెడర్ల సంగతి తెలియదు. రేటు మార్చినా కంపైల్ చేయదు, నాన్నగారి బిల్లు పాత రేటుకే వస్తుంది. -ఎంఎండీ ఇస్తే ఏ ఫైల్ ఏ హెడర్ వాడుతోందో .డీ ఫైళ్లలో రాసి ఓబీజేలో పెడుతుంది. మేక్‌ఫైల్ చివర ‘-ఇంక్లూడ్ ఓబీజే/*.డీ’ అని చేర్చి, పాత .ఓ ఫైళ్లు తీసేసి ఒకసారి మేక్ కొట్టండి. తర్వాత హెడర్‌లో రేటు మార్చి మళ్లీ కొడితే, ఆ రేటు వాడే ఫైళ్లు మాత్రమే కంపైల్ అవుతాయి.