ఆఫీస్‌లో వినపడని కొలీగ్ చేరితే మిగతావాళ్లం ఏం చేయాలి?

వచ్చే నెల మీ ఆఫీస్‌లో వినపడని అబ్బాయి జాయిన్ అవుతున్నాడు, టీంకి ఏమైనా ట్రైనింగ్ పెట్టించాలా అని కదా మీరడిగింది. పెట్టిస్తే మంచిదే, కానీ ఒక మధ్యాహ్నం పీపీటీ చూపించి సమోసా పెట్టి పంపించేస్తే ఏం మారదండి. మాది విజయవాడ ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్, నేను బిల్లింగ్ చూస్తా, పుట్టుకతోనే వినపడని కుర్రాడు ఒకతను మా దగ్గర కొన్నేళ్లుగా స్టాక్ ఎంట్రీ చేస్తున్నాడు. అక్కడ చూసిందే చెప్తున్నా.

పనిలో తనకి ఇబ్బంది పెద్దగా లేదు. పార్ట్ నంబర్లు, టాలీ, ఇన్వాయిస్‌లు అన్నీ కళ్లతో చేసే పనే. ఇబ్బందంతా మన కబుర్లతో. మన ఆఫీసుల్లో అసలు విషయాలు మీటింగ్‌లో ఎక్కడ తేలతాయి, టీ బడ్డీ దగ్గర తేలతాయి. ఫలానా డీలర్‌కి క్రెడిట్ ఆపమన్నారు, రేపు లోడు పొద్దున్నే వస్తుంది, ఇవాళ సార్ మూడ్ బాలేదు, ఇవన్నీ ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు, చెవిన పడతాయంతే, తనకి పడవు. అందరూ పగలబడి నవ్వుతుంటే ఏంటని సైగ చేస్తాడు, "ఏం లేదులే, తర్వాత చెప్తా" అంటారు, చెప్పేది ఉండదు. అన్నిటికంటే ఒళ్లు మండేది ఆ మాటకేనని తనే ఒకసారి వాట్సాప్‌లో రాశాడు.

అందుకని మా మేనేజర్ ఒక రూల్ పెట్టారు, నోటిమాటగా ఏది మారినా గ్రూప్‌లో ఒక లైన్ పడాలి అని. తన కోసం పెట్టిందే గానీ సెలవులో ఉన్నోళ్లకి, గోడౌన్‌లో ఉన్నోళ్లకి కూడా పనికొచ్చింది, "నాకెవరూ చెప్పలేదు" అనే గొడవలు బాగా తగ్గాయి. మీరు ఇంకేం చేయకపోయినా ఇదొక్కటి చేయండి.

పెదాలు చూసి అర్థం చేసుకుంటార్లే అని కొంతమంది అరిచి, సాగదీసి మాట్లాడతారు. అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా పాలు, బాలు, మాలు అని చూడండి, మూడూ ఒకేలా ఉంటాయి. క, గ అయితే లోపలే పుడతాయి, బయటికి కనపడనే కనపడవు. సగం ఊహించుకోవాల్సిందే, దానికి తోడు గుబురు మీసాలు, మాస్కులు, నోట్లో కిళ్లీ. మామూలుగా మాట్లాడండి, వెలుతురు మీ మొహం మీద పడేలా కూర్చోండి, కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మీ మొహం నీడలో పడుతుంది. పిలవాలంటే భుజం మీద మెల్లగా తట్టడమో, బల్ల మీద తట్టడమో, లైటు ఒకసారి ఆపి వేయడమో చేయండి, వెనక నుంచి కాగితం ఉండలు విసరడం వద్దు. ఇక ఒకళ్ల తర్వాత ఒకళ్లు మాట్లాడడం అంటారా, మనవాళ్లకి చచ్చినా రాదు, మా దగ్గర ఇప్పటికీ రాలేదు.

ఇంకోటి, మెసేజ్‌లో వాక్యాలు అటూఇటూ ఉన్నాయని చదువు రాదనుకోకండి. సైన్ లాంగ్వేజ్‌కి దాని వ్యాకరణం దానికుంది, ఎవరు, ఎక్కడ లాంటి ప్రశ్న చివర్లో వస్తుంది. మనకి తెలుగు వింటూ వచ్చేసింది, తనకి అది బళ్లో కష్టపడి నేర్చుకున్న రెండో భాష. ఢిల్లీలో 2015లో మొదలైన ఇండియన్ సైన్ లాంగ్వేజ్ రీసెర్చ్ అండ్ ట్రైనింగ్ సెంటర్ వాళ్ల డిక్షనరీ 2021కల్లా 10,000 పదాలకి చేరింది, వీడియోలు యూట్యూబ్‌లో ఫ్రీగానే ఉన్నాయి. మాలో అందరికంటే బాగా నేర్చుకున్నది లోడింగ్ కుర్రాళ్లు, పైగా వాళ్లకి గోడౌన్ ఆ చివర నుంచి ఈ చివరకి అరవాల్సిన బాధ కూడా తప్పింది.

గోడౌన్ ఉంటే ముందు సేఫ్టీ చూడండి. బండి రివర్స్ వస్తుంటే హారన్ తనకి తెలీదు కదా, అందుకే మా దగ్గర నడిచే దారికి పసుపు గీత గీసి, బండి కదిలేటప్పుడు వెలిగే తిరుగుడు లైటు పెట్టించారు. ఫైర్ అలారం కూడా లైటు వెలిగేదే పెట్టించండి, బాత్రూంలో ఉన్నప్పుడు మోగితే ఎవరు పోయి చెప్తారు.

బయట కూడా ఇదే తంతు. స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మారిందని మైకులో చెప్పగానే జనం సంచులు పట్టుకుని పరిగెడతారు, తనకి ఆ పరుగే అనౌన్స్‌మెంట్. పక్కనున్నవాళ్లు వేళ్లతో నంబర్ చూపిస్తే అయిపోయేది. బ్యాంకుకి పోయి ఫోన్ మాట్లాడలేను అని రాసిచ్చినా వెరిఫికేషన్‌కి ఫోనే చేస్తారు.

హెచ్ఆర్ వాళ్లు ఇదంతా మన దయ అన్నట్టు మాట్లాడితే 2016 దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తు చేయండి. ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ గవర్నమెంట్‌కే గానీ, సమాన అవకాశాల పాలసీ రాసి పెట్టడం ప్రైవేటు వాళ్లకీ తప్పదు, 20 మంది, ఆపైన స్టాఫ్ ఉంటే అందులో ఏమేం ఉండాలో రూల్స్‌లో వివరంగా ఉంది. మీ కంపెనీది అడిగి చూడండి.

చివరగా అప్రైజల్ సంగతి. ఆ రోజు వాళ్లమ్మనో అన్నయ్యనో పిలిపించి మధ్యలో కూర్చోబెట్టకండి, జీతం మాటలు, తప్పొప్పుల మాటలు ఇంట్లోవాళ్ల ముందు ఎవరికైనా ఇబ్బందే. సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ని మాట్లాడండి, ఊళ్లో దొరక్కపోతే వీడియో కాల్ మీదైనా చేస్తారు, కాకపోతే ముందే చెప్పి పెట్టుకోవాలి, అప్పటికప్పుడంటే కష్టం.