రిహానా సూపర్ బౌల్ హాఫ్‌టైమ్ ప్రదర్శనను స్టేడియంలో కూర్చుని చూసినవారు ఉన్నారా? టీవీలో చూసినదానికీ దానికీ తేడా ఏమిటి?

నేను చూశాను. 2023 ఫిబ్రవరి 12న ఆరిజోనాలోని గ్లెండేల్‌లో, స్టేట్ ఫార్మ్ స్టేడియంలో జరిగిన సూపర్ బౌల్ అది, అంటే అమెరికన్ ఫుట్‌బాల్ వార్షిక ఫైనల్; రెండు సగాల మధ్య విరామంలో గాయని రిహానా ప్రదర్శన ఇచ్చింది. నేను ఉండేది అక్కడికి గంటలోపు దూరంలో ఉన్న చాండ్లర్‌లో. సూపర్ బౌల్ టికెట్ కొనుక్కునే స్తోమత నాకు లేదు. మా ఆఫీసులో ఒకాయనకు దొరికిన టికెట్, వాళ్ల పాపకు జ్వరం రావడంతో, ముందురోజు రాత్రి నా చేతికి వచ్చింది. కాబట్టి వేల డాలర్లు పోసి చూసినవారి అభిప్రాయంగా దీన్ని తీసుకోకండి.

సూటిగా చెప్పాలంటే, రిహానాను చూడాలన్నా పాట వినాలన్నా టీవీయే మేలు. అయితే ఆ పదమూడు నిమిషాలకు ముందూ వెనుకా మైదానంలో జరిగే పనిని టీవీ చూపించదు. ఆ సమయంలో ప్రకటనలు వస్తుంటాయి. నాకు ఇప్పటికీ ఎక్కువగా గుర్తున్నది ఆ పనే.

మొదటి సగం ముగిసేసరికి ఫిలడెల్ఫియా ఈగిల్స్ 24, కాన్సాస్ సిటీ చీఫ్స్ 14. నా చుట్టూ ఎక్కువమంది ఈగిల్స్ అభిమానులే కావడంతో గోల మామూలుగా లేదు. ఆటగాళ్లు అటు లోపలికి వెళ్తున్నారో లేదో, ఇటు సొరంగంలోంచి వందలమంది మనుషులు బండ్లు తోసుకుంటూ వచ్చారు. వేదిక ముక్కలు, స్పీకర్లు, తీగల చుట్టలు అన్నీ బండ్ల మీదే. గడ్డి నలగకుండా ఆ బండ్లకు లావుపాటి రబ్బరు చక్రాలు ఉంటాయి. మా వరుస చాలా ఎత్తులో ఉంది కనుక పైనుంచి చూస్తే చీమలబారులా కనిపించారు. ఎవరూ పరుగెత్తడం లేదు, ఎవరూ ఆగడం లేదు. ఒక ముక్క పక్కన ఇంకో ముక్క చేరుతోంది, ఒకరు వంగి బిగిస్తున్నారు, లేచి పక్కకు తప్పుకుంటున్నారు. ఏడెనిమిది నిమిషాలు గడిచేసరికి ఆటస్థలం మధ్యలో పొడవాటి ఎర్రటి వేదిక తయారైంది. మా ఊళ్లో నాటక పరిషత్తు పోటీల్లో ఒక సెట్టు తీసి ఇంకో సెట్టు వేయడానికి ఎంత సమయం పట్టేదో, ఎంత కేకలాట జరిగేదో తెలిసినవాణ్ని కాబట్టి, నాకు ఈ నిశ్శబ్దమే విడ్డూరంగా తోచింది.

ఆ తరువాత అసలు విశేషం. ఆ రోజు ప్రదర్శనలో సగం నేలమీద జరగలేదు. ఏడు వేదికలు తీగలకు వేలాడుతూ, కొన్ని నేలకు పదిహేను అడుగుల ఎత్తున, కొన్ని అరవై అడుగుల దాకా, పైకీ కిందికీ కదిలాయి. దీని వెనుక ఉన్న కారణాల్లో గడ్డి ఒకటి. ఈ స్టేడియంలో మైదానమంతా పెద్ద పళ్లెంలో పెరిగే నిజమైన పచ్చిక. ఎండ కోసం ఆ పళ్లెం మొత్తాన్ని పట్టాల మీద బయటికి జరుపుతారు, ఆటకు లోపలికి తెస్తారు. దాని బరువు సుమారు 85 లక్షల కిలోలు. రెండో సగం ఇంకా ఆడవలసిన గడ్డి మీద మరీ బరువైన వేదికను పెట్టనివ్వరు కనుక రూపకర్తలు గాలిలోకి వెళ్లారు. చిత్రం ఏమిటంటే, ఇంత జాగ్రత్త పడినా ఆ రోజు రెండు జట్ల ఆటగాళ్లూ జారుతూనే ఉన్నారు, కొందరు మధ్యలో బూట్లు మార్చుకున్నారు. జారడం మొదటి సగంలోనే మొదలైంది కాబట్టి ఆ తప్పును పాటగత్తె మీద వేయలేం.

సురభి నాటకాల్లో తీగ మీద నారదుడు దిగడం చూసి పెరిగిన తరం మాది. తీగ కనిపిస్తున్నా చప్పట్లు కొట్టేవాళ్లం. ఇక్కడా అంతే. టీవీలో కెమెరా రిహానా ముఖం దగ్గర మొదలై నెమ్మదిగా వెనక్కి జరిగితే తప్ప ఆమె గాలిలో ఉన్నట్టు తెలియదు. మాకు మాత్రం తీగలు, వేదిక, దాని కింద ఖాళీ, అన్నీ ఒక్కసారే కనిపించాయి. తెల్లటి దుస్తుల్లో నాట్యబృందం, వాళ్ల మధ్య ఎర్రటి చుక్కలా ఆమె. ఆ వేదికలు ఊగుతుంటే, వాటి మీద మనుషులు ఒకే తాళానికి గెంతుతుంటే, మా పక్కన కూర్చున్న పెద్దావిడ కుర్చీ చేతిని గట్టిగా పట్టుకుంది.

ధ్వని విషయంలో నిరాశే. మైదానంలోని స్పీకర్ల నుంచి పై వరుసలకు శబ్దం చేరేలోపు తెర మీద పెదవులు ముందుకు వెళ్లిపోతాయి. వంద మీటర్ల దూరానికే దాదాపు మూడో వంతు సెకను తేడా వస్తుంది. దానికి పైకప్పు ప్రతిధ్వని తోడు. మాటలు కలగాపులగమైపోయి, డ్రమ్ముల అదురు మాత్రం ఛాతీలో తెలిసింది. నిజంగా పాడుతున్నారా లేదా అని చాలామంది అడుగుతారు. ఈ ప్రదర్శనల్లో వాద్యసంగీతం చాలావరకు ముందే రికార్డు చేసి ఉంచుతారు, ఎందుకంటే ఏడెనిమిది నిమిషాల్లో వేసిన వేదిక మీద అన్ని మైకులు సరిచూసుకునే వీలు ఉండదు. 2014లో రెడ్ హాట్ చిల్లీ పెప్పర్స్ బృందం తమ గిటార్లకు తీగలే కలపలేదని తరువాత ఒప్పుకుంది.

ఇక నేను పూర్తిగా పోగొట్టుకున్నది ఒకటి ఉంది. మొదటి పాట మధ్యలోనే మా ఆవిడ ఇంటి నుంచి వాట్సాప్‌లో అడిగింది: "కడుపుతో ఉంది కదా?" నాకేమీ అర్థం కాలేదు. ప్రదర్శన మొదట్లోనే రిహానా పొట్ట మీద చేయి వేసుకోవడం ఇళ్లలో ఉన్నవాళ్లందరూ చూశారు. స్టేడియంలో కూర్చున్న నేను తీగలు లెక్కపెడుతున్నాను. కాసేపటికి ఆమె తరఫువారు ఆ మాట నిజమేనని ప్రకటించారు. మొదటి బిడ్డ పుట్టి అప్పటికి తొమ్మిది నెలలే. అది తెలిశాక చివరి పాట 'డైమండ్స్' అప్పటి దృశ్యం గుర్తొచ్చి, నాకు కాస్త ఆలస్యంగా భయం వేసింది. ఆ పాటకు ఆమె మళ్లీ వేదిక మీద పైకి లేచి, మా వరుసకు ఎదురుగా వచ్చినంత ఎత్తుకు చేరింది. పక్కన పట్టుకోవడానికి గోడ లాంటిదేమీ నాకు కనిపించలేదు.

మధ్యలో ఒకచోట ఆమె చేతికి పౌడరు డబ్బీ అందించారు, రెండు క్షణాలు ముఖానికి అద్దుకుని తిరిగి ఇచ్చేసింది. అది ఆమె సొంత కంపెనీ ఫెంటీ సరుకు. ఈ ప్రదర్శనకు గాయకులకు పారితోషికం అంటూ ఉండదు. ఏర్పాట్ల ఖర్చు ఈ ఆటను నడిపే లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ వైపు నుంచి వస్తుంది, గాయకులకు కళాకారుల కార్మిక సంఘం నిర్ణయించిన చిన్న మొత్తం మాత్రమే ముడుతుంది. పది కోట్లకు పైగా జనం చూస్తుండగా ఆ రెండు క్షణాల్లో రావలసినదంతా ఆమె రాబట్టుకుందని నా అభిప్రాయం. వ్యాపారం తెలిసిన మనిషి. జాతివివక్షకు నిరసనగా జాతీయగీతం వేళ మోకరిల్లిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు కాలిన్ కేపర్నిక్‌కు మద్దతుగా ఇదే వేదికను గతంలో తిరస్కరించానని 2019లో చెప్పిన మనిషి కూడా ఆమే. అప్పటి కారణం ఏమైందని అడిగేవారిని నేను తప్పుపట్టను.

పాట అయిపోగానే బాణసంచా పొగ ఇంకా తేలుతుండగానే మళ్లీ అదే చీమలబారు. వచ్చిన దారినే బండ్లన్నీ వెళ్లిపోయాయి. ఆఖరికి చీఫ్స్ 38-35తో గెలిచారు. ఈగిల్స్ అభిమానుల మధ్య నోరు మూసుకుని మెట్లు దిగాను.

ఇంటికి వచ్చేసరికి రాత్రి చాలా పొద్దుపోయింది. మా ఆవిడ రికార్డు చేసి ఉంచిన ప్రదర్శనను ఇద్దరం మళ్లీ చూశాం. మా ఆవిడ రిహానా పొట్ట దగ్గర ఆపి చూపించింది. స్టేడియం మొత్తం కనిపించే చోట నేను ఆపి, మా వరుస ఎక్కడుందో వెతికాను. ఆ మూలంతా చీకటి.