పార్కు పని పట్టండి, కాజీపేట ప్లాటు మాత్రం తాకట్టు పెట్టకండి

హన్మకొండ పాఠకుడి ప్రశ్న: నాకు 34 ఏళ్లు. హైదరాబాద్‌లో ఒక యానిమేషన్ స్టూడియోలో ఆర్ట్ డైరెక్టర్‌ని, నెలకు 95,000 చేతికొస్తుంది. థీమ్ పార్క్ డిజైన్ కాంట్రాక్టు వచ్చింది, 18 నెలలకు 27 లక్షలు. ఉద్యోగం మానేసి, కాజీపేటలో నాన్న కొన్న 200 గజాల ప్లాటు తాకట్టు పెట్టి సొంత స్టూడియో కూడా పెట్టాలనుంది. డిస్నీలాండ్ పార్కు కట్టడానికి వాల్ట్ డిస్నీ కూడా ఇన్సూరెన్స్ మీద అప్పు తెచ్చాడు కదా! ఇంటి ఖర్చులు 55,000, చిట్టీ 20,000, ఎఫ్‌డీ 4 లక్షలు ఉంది.

జవాబు: పని ఒప్పుకోండి. తెర మీద బండరాయి ఒక వైపు గీస్తే చాలు, పార్కులో నాలుగు వైపులా రంగు పడాలి, ఎండలో ఆ రంగు ఎలా కనిపిస్తుందో నిలబడి చూడాలి అని మీ ఉత్తరంలో మరోచోట రాశారు చూడండి, ఆ ఇష్టం ఉన్నవాళ్లే ఇందులో నిలబడతారు.

కానీ 27 లక్షలను 18తో కాదు, 26తో భాగించండి. ఎందుకంటే పార్కు తెరిచేదాకా మీరు గీసిన బొమ్మలు బయట చూపించకూడదని ఇలాంటి ఒప్పందాల్లో సాధారణంగా రాయించుకుంటారు, అంటే పని అయిపోయిన రోజున కొత్తవాళ్లకు చూపించడానికి మీ దగ్గర ఏడాదిన్నర పాత పనే ఉంటుంది, తర్వాతి కాంట్రాక్టుకు ఆర్నెల్లో ఎనిమిది నెలలో పట్టొచ్చు. అలా చూస్తే నెలకు సుమారు 1,04,000. ఇప్పటి జీతం కంటే కొంచెమే ఎక్కువ.

నెలకు 1,50,000 బిల్లు చేస్తే 10 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పోను 1,35,000 వస్తుంది. అందులోంచి 25,000 ముట్టుకోకుండా పక్కన పెడితే 18 నెలలకు 4.5 లక్షలు, పని లేని ఎనిమిది నెలల ఇంటి ఖర్చు వెళ్లిపోతుంది. ఎఫ్‌డీ జోలికి పోవద్దు. కంప్యూటర్ల కోసం చిట్టీ పాడి ఎత్తుకోవద్దు.

పన్ను సంగతి. సినిమా ఆర్ట్ డైరెక్టర్‌కు ఆదాయపన్ను చట్టంలోని అంచనా ఆదాయ పద్ధతి కింద, వచ్చిన ఫీజులో సగాన్నే ఆదాయంగా చూపించే వీలుంది. పార్కు పని అందులోకి వస్తుందా అన్నది ఒప్పందంలో పనిని ఏమని రాశారన్న దాన్ని బట్టి ఉంటుంది, అందుకే సంతకానికి ముందే సీఏకు చూపించండి. అడ్వాన్సు ఎంత, ప్రాజెక్టు మధ్యలో ఆగిపోతే అప్పటిదాకా చేసిన పనికి ఎంత ఇస్తారు, ఈ రెండూ కాగితం మీద ఉండాల్సిందే.

ఉద్యోగం మానేస్తే కంపెనీ ఆరోగ్య బీమా కూడా పోతుంది. అమ్మానాన్నల పాత జబ్బులకు కొత్త పాలసీలో మూడేళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు కాబట్టి రాజీనామా ఇవ్వకముందే పాలసీ తీసుకోండి.

ఇక డిస్నీ మాట. ఇన్సూరెన్స్ మీద అప్పు తెచ్చింది నిజమే. కానీ 1953లో హెర్బ్ రైమన్ అనే ఆర్టిస్టు శని, ఆదివారాలు కూర్చుని గీసిన పార్కు బొమ్మ పట్టుకుని డిస్నీ వాళ్లన్న రాయ్ పెట్టుబడి అడగడానికి న్యూయార్క్ వెళ్లాడు. తర్వాత ఏబీసీ టీవీ సంస్థ 5 లక్షల డాలర్లు పెట్టి, మరో 45 లక్షల డాలర్ల అప్పులకు హామీ ఇచ్చింది. మీ వెనక అలాంటి సంస్థ లేదు, నాన్న ప్లాటు ఒక్కటే ఉంది. మొదటి పార్కు తెరిచి, రెండో కాంట్రాక్టు అడ్వాన్సు ఖాతాలో పడ్డాక అద్దె గదిలో స్టూడియో మొదలుపెట్టండి. తాకట్టు ఆలోచన మానుకున్నానని ఈ ఆదివారమే ఇంటికెళ్లి నాన్నకు చెప్పండి.