సీడీలకొక పెట్టె, స్ట్రీమింగ్‌కొక పెట్టె

ప్రశ్న: మా ఇంట్లో మూడొందల దాకా సీడీలున్నాయి. వాటిలో కొన్ని ఎస్ఏసీడీలు (సూపర్ ఆడియో సీడీలు). పాత ప్లేయర్ ఈ మధ్య డిస్కులో చివరి పాటల దగ్గరికొచ్చేసరికి తడబడుతోంది, ట్రే ఒక్కోసారి తెరుచుకోవడం లేదు. పిల్లలు ఫోన్లోంచి బ్లూటూత్‌లో పెట్టుకుని వింటారు. అది నా చెవికి ఆనదు. ఆంప్లిఫయర్, స్పీకర్లు మంచివే. డిస్కులూ స్ట్రీమింగూ రెండూ ఒకేదాంట్లో ఉన్న ఖరీదైన ప్లేయర్ తీసుకుందామనుకుంటున్నాను. పదేళ్లు మళ్లీ చూసుకోనక్కర్లేకుండా ఉండాలి. ఏం చూసి కొనాలి?

జవాబు: పదేళ్లు అన్నారు కాబట్టి సూటిగా చెప్తున్నాను. రెండూ ఒకే పెట్టెలో వద్దు, విడివిడిగా కొనండి.

సీడీకి సోనీ, ఫిలిప్స్ కలిసి 1980లో కొలతలు ఖాయం చేశాయి. 1982లో మొదటి ప్లేయర్ అమ్మకానికి వచ్చింది. 16 బిట్లు, సెకనుకు 44,100 శాంపిళ్లు. అప్పటినుంచి అందులో ఏమీ మారలేదు. స్ట్రీమింగ్‌లో ఏదీ అంతకాలం నిలవదు. కొన్నేళ్ల కిందట ఎంక్యూఏ (ఒక కంపెనీ తెచ్చిన, పాటను కుదించే పద్ధతి) ముద్ర లేని స్ట్రీమర్, అంటే ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చి వినిపించే పెట్టె, కొనకూడదన్నట్టు ప్రచారం జరిగింది. 2023లో ఆ కంపెనీ దివాలా అంచుకు వెళ్లి చేతులు మారింది. 2024లో టైడల్ అనే పాటల సర్వీసు దాన్ని వదిలేసి ఫ్లాక్‌కు (ఏమీ పోకుండా కుదించే పద్ధతి) మారింది. స్పాటిఫై 2025లో లాస్‌లెస్ (ఏమీ పోకుండా వచ్చే పాట) మొదలుపెట్టింది, అది వినాలంటే స్ట్రీమర్ కూడా దానికి సిద్ధంగా ఉండాలి, అంటే తయారీదారు అప్‌డేట్ పంపాలి. పంపడం మానేసిన రోజున ఆ పెట్టెలో సగం పనికిరాకుండా పోతుంది. ఆ సగం మీ మంచి డిస్కు ప్లేయర్‌కు అతుక్కుని ఉంటే రెండో సగానికీ ఇబ్బందే. తిరగేసి చూసినా అంతే. లేజర్ పోయి రిపేర్‌కు పంపితే ఇంట్లో స్ట్రీమింగ్ కూడా ఆగిపోతుంది. మరాంట్జ్ ఎస్ఏసీడీ 30ఎన్ లాంటివి, రెండూ కలిసినవి, శబ్దం విషయంలో చాలా బాగుంటాయి. షెల్ఫులో ఒక్క పెట్టెకే చోటుంటే తప్పు పట్టను. మీరడిగింది పదేళ్ల మాట కాబట్టి వద్దంటున్నాను.

ముందు పాత ప్లేయర్ సంగతి. పారేయకండి. ట్రే తెరుచుకోకపోతే చాలాసార్లు కారణం లోపలి చిన్న రబ్బరు బెల్టు సాగిపోవడమే. చివరి పాటల దగ్గర తడబడటానికి కూడా కారణం ఉంది. సీడీని లేజర్ లోపలి అంచు నుంచి బయటికి చదువుతుంది. మొదట్లో డిస్కు నిమిషానికి దాదాపు 500 చుట్లు తిరిగి, బయటి అంచుకు వచ్చేసరికి 200కి తగ్గుతుంది. డిస్కు వంపు, ఊగు ఎక్కువగా తెలిసేది ఆ బయటి అంచులోనే. లెన్సు మీద సన్నటి ధూళి పొర ఉన్నా, లేజర్ జారే పట్టాల మీద గ్రీజు గట్టిపడినా, బలహీనపడిన ప్లేయర్ ముందు అక్కడే దొరికిపోతుంది. తెలిసిన మెకానిక్ చేత బెల్టు, లెన్సు, గ్రీజు మూడూ చూపించండి. బాగుపడితే దాని డిజిటల్ అవుట్‌పుట్‌ను విడి డాక్‌కు (బిట్లను ఆంప్లిఫయర్‌కు పంపే అనలాగ్ సిగ్నల్‌గా మార్చే పెట్టె) కలిపి ఇంకా ఏళ్లపాటు వాడుకోవచ్చు. బిట్లు సరిగ్గా చదివినంతవరకు పాత ప్లేయర్ ఇచ్చే బిట్లకూ కొత్తది ఇచ్చే బిట్లకూ తేడా లేదు.

కొత్తది కొనాల్సి వస్తే షాపులో పది నిమిషాలు కూర్చోండి. నేను ఎవరి కోసం ప్లేయర్ చూడడానికి వెళ్లినా రెండు డిస్కులు వెంట తీసుకెళ్తాను. ఒకటి 74 నిమిషాలు దాటిన నిండు డిస్కు. అది పెట్టి నేరుగా చివరి ట్రాక్‌కు దూకించి, వెంటనే మొదటిదానికి, మళ్లీ చివరిదానికి దూకిస్తాను. మంచి మెకానిజం తడుముకోదు. రెండోది ఒక లైవ్ కచేరీ. ఆలాపన ఒక ట్రాక్, కృతి ఇంకో ట్రాక్, మధ్యలో తంబూరా శ్రుతి ఆగకుండా సాగుతుంది. ట్రాక్ మారేచోట ఆ శ్రుతి రవ్వంత తెగినా నేనా ప్లేయర్ వద్దనేస్తాను. సీడీ ప్లేయర్లలో ఇది అరుదు గానీ స్ట్రీమర్లలో, యాప్‌లలో ఇప్పటికీ తగులుతుంది. అందుకే స్ట్రీమర్‌ను కూడా ఇలాంటి రికార్డింగ్‌తోనే పరీక్షించండి. పాటను పాజ్ చేసి, గది నిశ్శబ్దంగా ఉన్నప్పుడు డిస్కు తిరిగే చప్పుడు మీరు కూర్చునే చోటికి వినిపిస్తోందేమో కూడా గమనించండి. స్పెసిఫికేషన్ల కాగితంలో ఇది ఉండదు. కానీ మెల్లగా సాగే వయొలిన్ వినేటప్పుడు ఆ గరగర తెగ విసిగిస్తుంది.

మీ దగ్గర ఎస్ఏసీడీలు ఉన్నాయన్నారు, ఇక్కడ చాలామంది పొరబడతారు. 1999లో వచ్చిన ఈ డిస్కుల్లో సంగీతం డీఎస్‌డీ పద్ధతిలో, సెకనుకు 28 లక్షల పైచిలుకు ఒంటి బిట్లుగా ఉంటుంది. కాపీ భయంతో కోయాక్సియల్ (రాగి తీగ), ఆప్టికల్ (కాంతి తీగ) డిజిటల్ అవుట్‌పుట్ల నుంచి దాన్ని బయటికి రానివ్వరు. అంటే మీరు ఎంత గొప్ప విడి డాక్ కొన్నా ఆ దారుల్లో ఎస్ఏసీడీ పొర దాని దాకా చేరదు. రెండు పొరలూ ఉన్న హైబ్రిడ్ డిస్కు అయితే అందులోని మామూలు సీడీ పొర మాత్రం చేరుతుంది. కాబట్టి ఆ డిస్కులు మీకు ముఖ్యమైతే, ప్లేయర్‌లోనే మంచి డాక్, మంచి అనలాగ్ అవుట్‌పుట్ ఉండాలి. మరాంట్జ్, డెనాన్‌లలో అలాంటివి దొరుకుతాయి. మీవి హైబ్రిడ్‌లే అయి, సీడీ పొరతోనే తృప్తి ఉంటే డాక్ లేని సీడీ ట్రాన్స్‌పోర్ట్, అంటే డిస్కును చదివి బిట్లు మాత్రం పంపే ప్లేయర్, చాలు. మిగిలిన డబ్బుతో ట్రాన్స్‌పోర్ట్‌కీ స్ట్రీమర్‌కీ కలిపి ఒకే మంచి డాక్ తీసుకోండి. నా ఓటు దీనికే.

ఇక స్ట్రీమర్. బ్లూటూత్ మీ చెవికి ఆనకపోవడంలో ఆశ్చర్యం లేదు. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు ఉంటే, బ్లూటూత్‌లో మెరుగైన కోడెక్ (పాటను కుదించి పంపే పద్ధతి) ఎల్‌డాక్ కూడా 990 దాటదు, మామూలు కోడెక్‌లు అందులో సగం కూడా ఉండవు. పైగా అప్పటికే కుదించిన పాటను ఫోన్ మళ్లీ కుదించి పంపుతుంది. స్పాటిఫై కనెక్ట్, టైడల్ కనెక్ట్ లాంటివి ఉన్న స్ట్రీమర్‌లో ఫోన్ రిమోట్ మాత్రమే. పాటను స్ట్రీమరే ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది, ఫోన్ మోగినా పాట ఆగదు. మీ పిల్లలు వాడే సర్వీసుకు ఆ కనెక్ట్ ఉందో లేదో ముందు చూడండి, తర్వాతే డబ్బాను చూడండి. ఆపిల్ మ్యూజిక్ వాడేవాళ్లయితే చాలా స్ట్రీమర్లలో ఆపిల్ వారి ఎయిర్‌ప్లే ఒక్కటే దారి, అందులో సెకనుకు 1,92,000 శాంపిళ్ల (192 కిలోహెర్ట్జ్) పాట రాదు. నా దృష్టిలో అదేమంత నష్టం కాదు, మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది, సీడీలోని 44.1 కిలోహెర్ట్జ్ శాంపిళ్లు దానికి రెట్టింపు పైనే కాబట్టి సరిపోతాయి.

యాప్‌ను మాత్రం సొంత ఫోన్లో వేసుకుని చూడండి. పాట వెతికితే ఎంతసేపటికి వస్తోంది, క్యూలో వరస మార్చగలుగుతున్నారా అని చూడండి. రోజూ చేతిలో ఉండేది అదే. ఆ కంపెనీ తన నాలుగైదేళ్ల కిందటి మోడళ్లకు ఇప్పటికీ అప్‌డేట్లు ఇస్తోందా అని కూడా ఆరా తీయండి. విమ్, బ్లూసౌండ్ నోడ్ లాంటి చిన్న పెట్టెల్లో డిజిటల్ అవుట్‌పుట్ ఉంది. డాక్ విడిగా ఉంటే ఇవి సరిపోతాయి. ఐదేళ్లకు మార్చాల్సి వచ్చినా బాధ ఉండదు.

ఒక జాగ్రత్త. ఇంట్లో సీడీనీ స్ట్రీమింగ్‌నూ పోల్చేటప్పుడు యాప్‌లో వాల్యూమ్ నార్మలైజేషన్ (పాటలన్నిటి గట్టిదనాన్ని ఒకేలా సర్దే సెట్టింగ్) ఆపేసి, రెండూ సమానమైన గట్టిదనంతో వినండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవికి అదే మెరుగ్గా తోస్తుంది. అప్పటికీ తేడా వినిపిస్తే స్ట్రీమింగ్‌లో ఉన్నది రీమాస్టర్ కావచ్చు. పాత రికార్డింగులను రీమాస్టర్ పేరుతో ఊపిరాడనంత గట్టిగా చేసేయడం నన్ను నిజంగా బాధపెట్టే విషయం. మీ దగ్గర మొదటి ముద్రణ సీడీలుంటే భద్రంగా దాచుకోండి.

ప్రశ్న: ట్రాన్స్‌పోర్ట్ నుంచి డాక్‌కు కోయాక్సియల్ వాడాలా, ఆప్టికల్ వాడాలా?

జవాబు: సీడీకి ఏదైనా ఒకటే. స్పీకర్లలో సన్నటి హమ్ వస్తుంటే ఆప్టికల్ పెట్టండి. అందులో కరెంటు ప్రవాహం ఉండదు కాబట్టి ఆ దారిన వచ్చే హమ్ పోతుంది. 192 కిలోహెర్ట్జ్ ఫైళ్లు పంపాలంటే 75 ఓమ్‌ల కోయాక్సియల్ నమ్మకం.

ప్రశ్న: గీతలు పడ్డ సీడీలను ఎలా తుడవాలి? రిప్ చేసి, అంటే కంప్యూటర్లోకి కాపీ చేసి పెట్టుకుంటే నాణ్యత తగ్గుతుందా?

జవాబు: మధ్య నుంచి బయటి అంచు వైపు తిన్నగా తుడవండి, గుండ్రంగా వద్దు. ట్రాక్ వెంబడి పడే గీతలే ప్రమాదం. ట్రాక్ వెంబడి సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర డేటా పోయినా ప్లేయర్ పూర్తిగా సరిచేసుకోగలదు, అంతకు మించితే అంచనాతో పూడుస్తుంది. లేబుల్ వైపును ఇంకా జాగ్రత్తగా చూసుకోండి. మెరిసే పొర ఉండేది ఆ పైపూత కిందే, అది లేచిపోతే ఇక చేయగలిగింది లేదు.

ఫ్లాక్‌లో రిప్ చేస్తే ఒక్క బిట్టూ పోదు. 74 నిమిషాల డిస్కు దాదాపు 780 మెగాబైట్లు, ఫ్లాక్‌లో అది సుమారు సగానికి వస్తుంది. మూడొందల డిస్కులున్నా 256 గిగాబైట్ల డ్రైవ్‌లో పడతాయి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి సాఫ్ట్‌వేర్ మీ రిప్‌ను ఇతరుల రిప్‌లతో సరిపోల్చి తప్పుంటే చెప్తుంది. ఆ డ్రైవ్‌ను స్ట్రీమర్ యూఎస్‌బీకి తగిలించండి, ఇంకో కాపీ వేరే డ్రైవ్‌లో ఉంచండి. గీతలు ఎక్కువున్న డిస్కులతో మొదలుపెట్టండి.