హాకీ జట్టు గురించి అభిమానులు పనిగట్టుకుని ఎందుకు రాస్తారు?

మీ ప్రశ్న సారాంశం ఇది: డబ్బు రాదు, పేరు రాదు, చదివేవాళ్లూ తక్కువే, అయినా కొందరు భారత హాకీ జట్టు ఆడిన ప్రతి మ్యాచ్ గురించీ పేజీలకు పేజీలు ఎందుకు రాస్తుంటారు? నేనూ ఆ కోవలోనివాడినే. 2012 లండన్ ఒలింపిక్స్ నాటి నుంచి రాస్తున్నాను. అభిమానులందరి తరఫునా మాట్లాడలేను గానీ, నా అనుభవం, నాలాంటివాళ్లతో ఏళ్ల తరబడి మాట్లాడాక తెలిసినది చెబుతాను.

హాకీలో చాలాసార్లు అసలు పని చేసినవాడి పేరు స్కోరులో కనిపించదు. మర్నాడు పేపర్లో గోలు కొట్టినవాళ్ల పేర్లు, కొట్టిన నిమిషాలు వస్తాయి. ఆ గోలుకు దారి తీసినవాడి పేరు రాదు. పడాల్సిన గోలును పడకుండా చేసినవాడి పేరు అసలే రాదు. క్రికెట్‌లో ప్రతి బంతికీ లెక్క ఉంటుంది. యాభై ఏళ్ల కిందటి స్కోరుకార్డు తీసినా ఎవరు ఎవరి బౌలింగ్‌లో ఎలా అవుటయ్యారో తెలిసిపోతుంది. హాకీకి ఆ భాగ్యం లేదు. అరవై నిమిషాల ఆట ముగిశాక మామూలు పాఠకుడికి అందేది రెండు అంకెలు. చూసినవాళ్లు రాసిపెట్టకపోతే మిగతాదంతా గాలికి పోతుంది. నేను రాయడానికి మొదటి కారణం, పెద్ద కారణం ఇదే.

ఉదాహరణకు టోక్యో ఒలింపిక్స్ కాంస్య పతక మ్యాచ్ తీసుకోండి. 2021 ఆగస్టు 5న, మనకు ఉదయం 7 గంటలకు మొదలైంది. జర్మనీ మీద 1-3తో వెనకబడిన జట్టు 5-4తో గెలిచింది. 1980 మాస్కో తర్వాత 41 ఏళ్లకు వచ్చిన ఒలింపిక్ పతకం అది. చివరి ఆరు సెకన్లు మిగిలి ఉండగా జర్మనీకి పెనాల్టీ కార్నర్ దొరికింది. మన గోల్‌కీపర్ శ్రీజేష్ ఆపాడు. ఆ తర్వాత అతను గోల్‌పోస్టు ఎక్కి కూర్చున్న ఫొటో దేశమంతా చూసింది. శ్రీజేష్‌కు దక్కిన ప్రతి చప్పట్లకూ అతను అర్హుడు. కానీ ఆ రోజు నేను కూర్చుని రాసింది డిఫెండర్ అమిత్ రోహిదాస్ గురించి.

పెనాల్టీ కార్నర్ ఇచ్చినప్పుడు గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురు మాత్రమే గోల్ లైను వెనక నిలబడతారు. మిగతా జట్టంతా మైదానం మధ్య గీత అవతలికి పోవాలి. అవతలి జట్టు ఆటగాడు బ్యాక్ లైను నుంచి బంతిని లోపలికి నెడతాడు, సర్కిల్ (గోలు ముందుండే అర్ధవృత్తం) అంచు దగ్గర ఒకడు దాన్ని ఆపుతాడు, వెనువెంటనే ఇంకొకడు డ్రాగ్‌ఫ్లిక్ చేస్తాడు, అంటే బంతిని స్టిక్‌తో ఈడ్చి గోలువైపు విసురుతాడు. అంతా కలిపి రెండు సెకన్లు పట్టదు. ఆ రెండు సెకన్లలో గోల్ లైను నుంచి బయల్దేరి, ఫ్లిక్ చేసేవాడి మీదికి నేరుగా పరుగెత్తేవాణ్ని ఫస్ట్ రషర్ అంటారు. ముఖానికి మాస్కు, మోకాళ్లకు ప్యాడ్లు, చేతికి గ్లవ్. ఎదురుగా గంటకు వంద కిలోమీటర్లకు పైగా వేగంతో వచ్చే బంతి. దాన్ని స్టిక్‌తో ఆపితే సరే, లేదంటే ఒంటితో ఆపాలి. బంతి తగలకపోయినా అతని పరుగుకు పెద్ద విలువే ఉంది. అతను ఒక వైపును మూసేస్తే ఫ్లిక్కర్ రెండో వైపే కొట్టాలి, గోల్‌కీపర్ ఆ వైపే కాచుకుంటే చాలు. అంటే గోల్‌కీపర్ ఆపిన బంతుల్లో చాలావాటిలో రషర్‌కూ వాటా ఉంటుంది. రోహిదాస్ మన జట్టుకు ఏళ్ల పాటు చేసిన పని అది. ఆ పనికి స్కోరుబోర్డులో గడి లేదు.

ఈ మాట అంటే కొందరు నమ్మేవారు కాదు. పారిస్ ఒలింపిక్స్ వచ్చాక నమ్మారు. 2024 ఆగస్టు 4న గ్రేట్ బ్రిటన్‌తో క్వార్టర్‌ఫైనల్లో 17వ నిమిషానికే రోహిదాస్‌కు రెడ్ కార్డు పడింది. మిగిలిన 43 నిమిషాలు పది మందితో ఆడాలి, అదీ పెనాల్టీ కార్నర్లలో ముందు పరుగెత్తేవాడు లేకుండా. హర్మన్‌ప్రీత్ గోలు కొట్టాడు, బ్రిటన్ సమం చేసింది, ఆ తర్వాత రెండో సగమంతా మన సర్కిల్ లోపలే గడిచినట్టు అనిపించింది. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే మన్‌ప్రీత్ వెనక్కి వచ్చి డిఫెండర్ అయ్యాడు. ఫార్వర్డ్‌లు తమ గోలు ముందు నిలబడి అడ్డం పడ్డారు. 1-1తో షూటౌట్‌కు (ఒక్కో ఆటగాడు ఒంటరిగా గోల్‌కీపర్‌తో తలపడేది) వెళ్లి 4-2తో గెలిచారు. ఆ రోజు రాసినంత నేను ఇంకెప్పుడూ రాయలేదు. ఎవరు ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగారో, ఎవరి పని ఎవరు తలకెత్తుకున్నారో మళ్లీ మళ్లీ చూసి రాసుకున్నాను.

తర్వాతి రెండు మ్యాచ్‌లూ చూడండి. నిషేధం వల్ల రోహిదాస్ లేని సెమీఫైనల్లో జర్మనీ చేతిలో 2-3తో ఓడిపోయాం. జర్మనీ మొదటి గోలు పెనాల్టీ కార్నర్ నుంచే వచ్చింది. అతను తిరిగొచ్చిన కాంస్య మ్యాచ్‌లో స్పెయిన్‌ను 2-1తో ఓడించాం. స్పెయిన్ కొట్టిన ఒకే ఒక్క గోలు పెనాల్టీ స్ట్రోక్, అంటే గోల్‌కీపర్ ఒక్కడే ఎదురుగా ఉండగా కొట్టేది. పెనాల్టీ కార్నర్లు ఎన్ని వచ్చినా వాళ్లకు ఒక్కటీ గోలు కాలేదు. ఒక్క ఆటగాడి మీదే ఫలితమంతా మోపడం న్యాయం కాదని నాకు తెలుసు. అయినా ఈ మూడు మ్యాచ్‌లను పక్కపక్కన పెట్టి చూపించే పని ఎవరైనా చేయాలి కదా. అభిమాని కాకపోతే ఎవరు చేస్తారు?

మాది శ్రీకాకుళం జిల్లా. ఉదయం ఆమదాలవలసలో రైలెక్కితే మధ్యాహ్నానికి భువనేశ్వర్‌లో దిగవచ్చు. 2018లో, 2023లో ప్రపంచ కప్ మ్యాచ్‌లు కళింగ స్టేడియంలో కూర్చుని చూశాను. టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది. స్టేడియంలో బంతి లేని చోట ఏం జరుగుతోందో కనిపిస్తుంది. బంతి అవతలి సర్కిల్‌లో ఉన్నప్పుడు మన డిఫెండర్లు ఒకరినొకరు చేతులతో ఎలా సర్దుకుంటారో, విశ్రాంతికి బయటికి వచ్చిన ఫార్వర్డ్ సీసాలో నీళ్లు తాగుతూనే కోచ్ చూపించే చోటుకేసి ఎలా తల తిప్పుతాడో నేను అక్కడే చూశాను. నీళ్లు చల్లిన నీలం టర్ఫ్ మీద బంతి జారుతుంటే వెనక సన్నగా తుంపర లేస్తుంది. ఇవన్నీ చూసి ఇంటికొచ్చాక ఎవరితోనైనా చెప్పుకోకుండా ఉండడం నా వల్ల కాదు. మా ఊళ్లో క్రికెట్ గురించి మాట్లాడేందుకు వీధికి పదిమంది దొరుకుతారు. హాకీకి ఒక్కరు దొరకడం కష్టం. కాబట్టి రాయడమే మాట్లాడడం అయింది.

ఓటమి గురించి రాయడం వేరే సంగతి. 2023 జనవరి 22న ప్రపంచ కప్‌లో న్యూజిలాండ్‌తో మ్యాచ్. గెలిస్తే క్వార్టర్‌ఫైనల్. ఒక దశలో 3-1తో ముందున్నాం. గాయంతో మిడ్‌ఫీల్డర్ హార్దిక్ సింగ్ లేడు. ఆ లోటు మూడో క్వార్టర్ నుంచి నాకు స్పష్టంగా కనిపించింది. మధ్యలో బంతిని పట్టి నిలబెట్టేవాడు లేక వచ్చిన బంతి వచ్చినట్టే తిరిగిపోయేది. 3-3 అయింది, షూటౌట్ కూడా సమమై సడన్ డెత్ దాకా వెళ్లింది, శ్రీజేష్ గాయపడి బయటికి వెళ్లాడు, 4-5తో ఓడిపోయాం. అంత మంది జనం ఒక్కసారిగా మూగబోయారు. తిరుగు రైల్లో నాకు కంటిమీద కునుకు లేదు. ఫోనులోనే రాయడం మొదలుపెట్టి, ఏ నిమిషంలో ఆట చేజారిందో వెతుక్కుంటూ పోయాను. రాస్తూ పోతే కోపం తగ్గి కారణం కనిపించడం మొదలవుతుంది. "మనవాళ్లకు చేతకాదు" అని తిట్టి పడుకోవడం కన్నా "హార్దిక్ స్థానంలో ఆడగలిగేవాణ్ని మనం తయారు చేసుకోలేదు" అని రాయగలగడం నాకు ఊరటనిచ్చింది.

లండన్‌లో ఆరు మ్యాచ్‌లూ ఓడి పన్నెండు జట్లలో పన్నెండో స్థానంలో నిలిచినప్పుడు కలం పట్టింది కూడా అందుకే. అంతకు నాలుగేళ్ల ముందు చిలీలోని శాంటియాగోలో బ్రిటన్ చేతిలో 0-2తో ఓడి, 1928 తర్వాత మొదటిసారి ఒలింపిక్స్‌కే వెళ్లలేకపోయాం. అప్పట్లో ఎవరిని కదిపినా ఎనిమిది స్వర్ణాల కథే చెప్పేవారు. ఆ గతం మీద నాకు గౌరవం ఉంది. కానీ 1976 మాంట్రియల్‌లో గడ్డి పోయి కృత్రిమ మైదానం వచ్చాక ఆటే మారిపోయింది. అక్కడ మనం ఏడో స్థానంలో నిలిచాం. పాత స్వర్ణాలను తలచుకుంటూ కూర్చుంటే ఇప్పుడు మైదానంలో చెమటోడ్చే కుర్రాళ్లను చూడడం మానేస్తాం. వీళ్లను వీళ్లుగా చూసి రాయాలన్నది నా పట్టుదల.

మహిళల జట్టు విషయంలో ఈ పట్టుదల ఇంకా ఎక్కువ. టోక్యోలో మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిన జట్టు క్వార్టర్‌ఫైనల్లో మూడుసార్లు ఒలింపిక్ విజేత అయిన ఆస్ట్రేలియాను 1-0తో ఓడించింది. గుర్జీత్ కౌర్ గోలు కొట్టింది, మిగతా సమయమంతా గోల్‌కీపర్ సవితా పూనియా, ఆమె ముందున్న డిఫెన్స్ కాచుకున్నారు. నాలుగో స్థానం దక్కిన ఆ వారం రోజులు దేశమంతా వాళ్ల పేర్లు పలికింది. ఆ తర్వాత? 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ అవకాశం పోగొట్టుకున్నప్పుడు ఒక్క రోజు వార్త. అదే నెలలో మస్కట్‌లో ఐదుగురేసి ఆడే హాకీ ప్రపంచ కప్‌లో మన అమ్మాయిలు ఫైనల్ చేరి, నెదర్లాండ్స్ చేతిలో ఓడి రజతం తెచ్చారు. ఆ జట్టు కెప్టెన్ మన తెలుగమ్మాయి, చిత్తూరు ప్రాంతపు గోల్‌కీపర్ ఎతిమరపు రజని. సవిత లాంటి గోల్‌కీపర్ ఉన్న కాలంలో రెండో గోల్‌కీపర్‌గా ఏళ్ల తరబడి సాధన చేస్తూ, పిలుపు వచ్చినప్పుడు సిద్ధంగా ఉండడం ఎంత కష్టమో ఆలోచించండి. ఫార్వర్డ్‌లను మ్యాచ్ మధ్యలో ఎన్నిసార్లయినా మారుస్తారు. గోల్‌కీపర్‌ను అలా మార్చరు. ఈ విషయం తెలుగులో రాసేవాళ్లు ఎంతమంది? నేను రాశాను, ఇంకా రాస్తాను.

ఇక చదివేవాళ్లు తక్కువ అన్నారు, నిజమే. కానీ చదివేవాళ్లు గట్టివాళ్లు. నేను ఒక డిఫెండర్‌ను మెచ్చుకుంటే, ఆ మ్యాచ్‌లోనే అతను వదిలేసిన మనిషిని నిమిషంతో సహా ఎత్తి చూపేవాళ్లున్నారు. అలాంటి పాఠకుడు ఒక్కడున్నా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాస్తాం. ఒకసారి ఒక ప్రభుత్వ పాఠశాల పీఈటీ మాస్టారు ఉత్తరం రాశారు. వాళ్ల పిల్లలకు పెనాల్టీ కార్నర్ ఆపడం నేర్పుతున్నారట. నేను రాసింది పిల్లలకు చదివి వినిపించి, రషర్ ఎటువైపు నుంచి బయల్దేరాలో బొమ్మ గీసి పంపమని అడిగారు. గీసి పంపాను. బంతి కదలకముందే అడుగు వేసిన పిల్లవాడు మధ్య గీత అవతలికి వెళ్లాల్సి వస్తుందని, అతని చోటుకు ఇంకొకరు రారని, కాబట్టి వేగం కన్నా ముందు ఆగడం నేర్పమని కూడా రాశాను. వాళ్ల దగ్గర మాస్కులు లేవని జవాబు వచ్చింది. మాస్కు లేకుండా ఏ పిల్లవాణ్నీ ఫ్లిక్‌కు ఎదురుగా పరుగెత్తించవద్దని వెంటనే ఫోను చేసి చెప్పాను. కొన్నాళ్లు మెత్తటి బంతితో సాధన చేయించారు. ఆ తర్వాత తెలిసిన అభిమానులం కొందరం చందాలు వేసుకుని మాస్కులు పంపించాం.

మీకూ రాయాలని ఉంటే ఒక సలహా. వచ్చే మ్యాచ్‌లో బంతిని చూడడం మానేసి, ఒక క్వార్టర్ పాటు ఒకే ఆటగాణ్ని చూడండి. రైట్ హాఫ్ (మధ్య వరుసలో కుడివైపు ఆడేవాడు) అయితే మంచిది, ముందుకీ వెనక్కీ ఎక్కువ తిరుగుతాడు. ఆ పదిహేను నిమిషాల్లో అతను ఏం చేశాడో రాసి పంపండి, నేను తప్పకుండా చదువుతాను.