జరగనిదానికి ‘హ్యాడ్’ ఎందుకు?

ప్రశ్న: పై అధికారికి రాసిన మెయిల్లో ‘ఇఫ్ యు టోల్డ్ మి, ఐ వుడ్ హ్యావ్ కమ్’ అన్నాను. పక్క సీటు ఆయన ‘టోల్డ్’ కొట్టేసి ‘హ్యాడ్ టోల్డ్’ అని దిద్దారు. జరిగిపోయిన సంగతే కాబట్టి ‘టోల్డ్’ చాలదా? మనం ‘చెబితే వచ్చేదాన్ని’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ఇంగ్లీషువాళ్లకు ఇంత మెలిక ఎందుకండీ?

జవాబు: ఆయన దిద్దిందే సరి. మీ చేత ‘టోల్డ్’ రాయించింది మాత్రం మీ తెలుగే. ‘రేపు చెబితే వస్తాను’, ‘నిన్న చెబితే వచ్చేదాన్ని’ అంటాం. రెండింటిలోనూ ‘చెబితే’ని గమనించండి. కాలం మారినా అది కదల్లేదు. రేపటి మాటా నిన్నటి మాటా, జరిగేదా జరగనిదా అన్న బరువంతా చివరి క్రియ మీదే వేసి, మనం నిశ్చింతగా ఉంటాం. అదే అలవాటుతో మీరు ‘ఇఫ్’ సగాన్ని తేలిగ్గా వదిలేసి, రెండో సగంలో మాత్రం ‘వుడ్ హ్యావ్’ అని జాగ్రత్తగా రాశారు.

మన చివరి క్రియ కూడా ఒక్కోసారి చేతులెత్తేస్తుంది. ‘ఆయన వస్తే చదరంగం ఆడేవాళ్లం’ అన్నారనుకోండి. ఆయన వచ్చినప్పుడల్లా ఆడేవారా? లేక ఆయన అసలు రాలేదు కాబట్టి ఆడలేదా? ముందూ వెనుకా ఉన్న మాటలు చూస్తే తప్ప తేలదు. ఇంగ్లీషులో మొదటిదానికి ‘వెనెవర్ హి కేమ్, వి వుడ్ ప్లే చెస్’ అంటారు. రెండోదానికి ‘ఇఫ్ హి హ్యాడ్ కమ్, వి వుడ్ హ్యావ్ ప్లేడ్ చెస్’ అంటారు. తమాషా ఏమిటంటే, మన ‘ఆడేవాళ్లం’ లాగే వాళ్ల ‘వుడ్’ కూడా పాత అలవాటుకూ, జరగని ఊహకూ రెండింటికీ పనికొస్తుంది. అందుకే రెండో వాక్యంలో ‘హ్యాడ్’, ‘హ్యావ్’ కాపలా కాస్తున్నాయి.

ఇక మీ ‘టోల్డ్’ సంగతి. ‘ఇఫ్’ పక్కన భూతకాల రూపం కనిపించగానే గడిచిన కాలమేనని తీర్మానించకండి. ‘ఇఫ్ ఐ న్యూ హిస్ నంబర్, ఐ వుడ్ కాల్ హిమ్’ అంటే ఈ నిమిషంలో నంబరు తెలియదని అర్థం. ఇక్కడ నిన్నటి ఊసే లేదు. ఆ ‘న్యూ’ వాస్తవానికి ఎడంగా నిలబడడానికి వచ్చిన రూపం. ఆ లెక్కన ‘ఇఫ్ యు టోల్డ్ మి’ని కూడా ఇంగ్లీషు అప్పటికే ఇంకో పనికి పెట్టేసుకుంది. ‘ఒకవేళ మీరు చెప్పారే అనుకోండి, అప్పుడు వస్తాను’ అనే పనికన్నమాట. నిన్న జరగని సంగతి చెప్పాలంటే ఇంకో అడుగు వెనక్కి వేయాలి, ఆ అడుగే ‘హ్యాడ్’. రెండో సగంలో ‘వుడ్’ తనంతట తాను వెనక్కి వెళ్లలేదు కాబట్టి ‘హ్యావ్’ను తోడు తెచ్చుకుంటుంది.

బడిలో దీనికి ‘థర్డ్ కండిషనల్’ అని పేరు. జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అంటూ బస్సులకు వేసినట్టు నంబర్లు వేయడం నాకు నచ్చదు. రెండు సగాలూ ఒకే నంబరువి కావాలన్న భ్రమ అక్కడే పుడుతుంది. ‘ఇఫ్ ఐ హ్యాడ్ స్లెప్ట్ లాస్ట్ నైట్, ఐ వుడ్ నాట్ బి యానింగ్ నౌ’ అన్నది నిక్షేపం లాంటి వాక్యం. నిద్ర పట్టనిది రాత్రి, ఆవలింతలు ఇప్పుడు. అందుకే రెండో సగంలో ‘హ్యావ్’ లేదు.

మీరు అడగకపోయినా, వినేటప్పుడు వచ్చే ఇబ్బంది కూడా చెబుతాను. మాటల్లో ‘హ్యాడ్’, ‘వుడ్’ రెండూ అరిగిపోయి ‘డ్’గా మిగులుతాయి. ‘ఇఫ్ యూడ్ టోల్డ్ మి, ఐడవ్ కమ్’ అని గబగబా అనేస్తారు. మొదటి ‘డ్’ హ్యాడ్, రెండోది వుడ్. వెంటనే క్రియ మూడో రూపం వినిపిస్తే హ్యాడ్ అనీ, ‘అవ్’ వినిపిస్తే సాధారణంగా వుడ్ అనీ పోల్చుకోవచ్చు. ఈ ‘వుడవ్’ను చెవితోనే నేర్చుకున్న ఇంగ్లీషువాళ్లు కొందరు ‘వుడ్ హ్యావ్’ రాయాల్సిన చోట ‘వుడ్ ఆఫ్’ అని రాసేస్తుంటారు. వ్యాకరణం చదివి నేర్చుకున్నవాళ్లు ఆ తప్పు చేయడం అరుదు. కాబట్టి మీరు కాస్త గర్వపడవచ్చు.

ప్రశ్న: తెలుగు వాక్యంలో ‘ఉంటే’ కనిపిస్తే కళ్లు మూసుకుని ‘హ్యాడ్’ పెట్టేయమని మా కోచింగ్ సార్ చెప్పారు. ఈ చిట్కాను నమ్మవచ్చా?

జవాబు: కళ్లు తెరిచే రాయండి. ‘ఉత్తరం వచ్చి ఉంటే బల్ల మీద ఉంటుంది’ అన్న వాక్యంలో ఉత్తరం వచ్చిందో లేదో మనకు తెలియదు, వెళ్లి చూసుకోవాలి. ఇంగ్లీషులో ‘ఇఫ్ ది లెటర్ హ్యాజ్ కమ్, ఇట్ విల్ బి ఆన్ ది టేబుల్’ అవుతుంది. చివరి మాట ఒక్కటి మార్చి ‘బల్ల మీద ఉండేది’ అంటే, బల్ల ఖాళీగా ఉందన్నమాట, ఉత్తరం రాలేదన్నమాట. అప్పుడు ‘హ్యాడ్ కమ్’, ‘వుడ్ బి’ రావాలి. నేను దిద్దిన పేపర్లలో ఇలాంటి చిట్కాల పుణ్యమా అని ‘హ్యాడ్ కమ్’ పక్కనే ‘విల్ బి’ని కూర్చోబెట్టిన వాక్యాలు తరచుగా కనిపించేవి.

దొంగ కోసం వచ్చిన పోలీసును ఊహించుకోండి. ‘వాడు కిటికీలోంచి దూకి ఉంటే కింద మట్టిలో అడుగులు ఉంటాయి’ అంటాడు. ‘ఇఫ్ హి జంప్డ్, దేర్ విల్ బి ఫుట్‌ప్రింట్స్’. ఇంకా వెతకలేదు కాబట్టి మామూలు భూతకాలమే చాలు. కిందికి దిగి చూసి, మట్టి చెక్కుచెదరలేదని తేలాక అదే పోలీసు ‘ఇఫ్ హి హ్యాడ్ జంప్డ్, దేర్ వుడ్ బి ఫుట్‌ప్రింట్స్’ అంటాడు. ఈ మధ్యలో మారింది అతనికి తెలిసిన సంగతి ఒక్కటే. రాసే ముందు వాక్యం చివర ‘కానీ అలా జరగలేదు’ అని తగిలించి చూడండి. అతికితే హ్యాడ్ పెట్టండి.

ప్రశ్న: అమెరికా సినిమాల్లో ‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్’ అని వింటున్నాను. తప్పు కాదా?

జవాబు: అమెరికాలో మాటల్లో అది చాలా మామూలు. బ్రిటన్‌లోనూ ‘ఇఫ్ ఐడవ్ నోన్’ వినిపిస్తుంది. అచ్చులోకి వెళ్లే ముందు సంపాదకులు ‘హ్యాడ్ నోన్’గా మార్చేస్తారు. పరీక్షలోనూ ఉద్యోగ దరఖాస్తులోనూ మీరు దాని జోలికి పోవద్దు. ఆటల వ్యాఖ్యాతలైతే ఇంకా స్వేచ్ఛాజీవులు. చేజారిన క్యాచ్ గురించి, ఆట ముగిశాక కూడా, ‘ఇఫ్ హి క్యాచెస్ దట్, దే విన్’ అని వర్తమానంలోనే కానిచ్చేస్తారు. హ్యాడ్ లేదు, వుడ్ లేదు. అయినా వినేవాడికి ఏ అనుమానమూ రాదు, ఎందుకంటే బంతి కింద పడడం వాడు చూశాడు.

ప్రశ్న: వార్తలు ఇంగ్లీషులోకి అనువదిస్తుంటాను. ‘హెల్మెట్ ఉంటే బతికేవాడేమో’ అన్నదానికి ‘మే హ్యావ్ సేవ్డ్ హిమ్’ అని రాస్తే డెస్కులో ‘మైట్’ అని మార్చారు. తేడా ఉందా?

జవాబు: మనిషి ప్రాణమంత తేడా ఉంది. ‘ది హెల్మెట్ మే హ్యావ్ సేవ్డ్ హిమ్’ అంటే అతను హెల్మెట్ పెట్టుకున్నాడు, బతికి ఉన్నాడు, బహుశా దాని చలవే కావచ్చు అని. ‘ఎ హెల్మెట్ మైట్ హ్యావ్ సేవ్డ్ హిమ్’ అంటే పెట్టుకోలేదు, పోయాడు అని. పేరున్న ఇంగ్లీషు పత్రికలు కూడా ఈ మధ్య రెండింటినీ కలిపేస్తున్నాయి. మీ డెస్కులో పట్టుకున్న మనిషికి నా నమస్కారం చెప్పండి.

ప్రశ్న: ‘ఇఫ్’ లేకుండా ‘హ్యాడ్ ఐ నోన్’ అనవచ్చా?

జవాబు: రాతలో నిరభ్యంతరంగా రాయవచ్చు. కబుర్లలో కొంచెం బిగుసుకున్నట్టు వినిపిస్తుంది. కాకపోతే వ్యతిరేకార్థంలో ‘నాట్’ను కుదించకూడదు. ‘హ్యాడ్ ఐ నాట్ నోన్’ అనే రాయాలి, ‘హ్యాడంట్ ఐ నోన్’ అంటే చదివేవాళ్లు దాన్ని ప్రశ్న అనుకుంటారు.