టెక్ సందేహాలు: వీధి ఫొటోలకు పెద్ద జూమ్ ఎందుకు వద్దంటే...

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో కెమెరాలదే పైచేయి. ఇంచుమించు అందరి కోరికా ఒకటే. బజారులో మనుషులు పోజు పెట్టకముందే, ఉన్నవాళ్ళని ఉన్నట్టు తీయాలి. దానికి ఏం కొనాలి? ప్రింటర్లు, వైఫై సమస్యలు రాసినవాళ్ళు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: నా దగ్గర క్యానన్ 200డి, 18-55, 55-250 లెన్స్‌లు ఉన్నాయి. ఆదివారాలు చార్మినార్, సుల్తాన్ బజార్ వైపు వెళ్తుంటాను. కెమెరా ఎత్తగానే కొందరు ముఖం తిప్పేసుకుంటారు, కొందరు నవ్వుతూ నిలబడిపోతారు. దూరం నుంచి తీయడానికి 70-300 కొనాలా? అందరూ చెప్పే 50ఎంఎం ఎఫ్/1.8 తీసుకోవాలా? లేక అన్నీ అమ్మేసి చిన్న కెమెరాకి మారాలా? బడ్జెట్ 40 వేలు.
— సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొండాపూర్

జవాబు: ముందు 70-300 సంగతి తేల్చేద్దాం. వద్దు. మీ 55-250నే చివరిదాకా లాగి చూడండి. కెమెరా నిలువుగా పట్టుకుని ఒక మనిషిని తల నుంచి కాళ్ళ దాకా ఫ్రేములో పట్టించాలంటే సుమారు 21 మీటర్ల దూరంలో నిలబడాలి. ఆదివారం సాయంత్రం లాడ్ బజార్‌లో మీకూ ఆ మనిషికీ మధ్య 21 మీటర్ల ఖాళీ ఎవరిస్తారు? ఈలోపు పదిమంది అడ్డొస్తారు, ఒక బైకూ దూరుతుంది. ఒకవేళ దొరికినా, అంత దూరం నుంచి తీస్తే బజారు మాయమై మనిషి ఒక్కడే మిగులుతాడు. పైగా బారెడు లెన్స్ పట్టుకుని మూల నుంచి గురిపెట్టేవాణ్ణి జనం అనుమానంగా చూస్తారు. వాళ్ళ తప్పేం లేదు.

50ఎంఎం మంచి లెన్సే, చవక కూడా. కానీ 200డిలో ఉన్నది ఏపీఎస్-సి సెన్సర్, అంటే 35ఎంఎం ఫిల్మ్ ఫ్రేము (ఫుల్ ఫ్రేమ్) కంటే చిన్నది. క్యానన్‌లో దాని లెక్క 1.6 రెట్లు. అంటే మీ చేతిలో అది 80ఎంఎం లాగా పనిచేస్తుంది. పెళ్ళిలో ముఖాలు తీయడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. వీధిలో మాత్రం అదే నిలువెత్తు మనిషికి నాలుగు మీటర్లకు పైగా వెనక్కి జరగాలి. జరిగితే వెనక గాజుల కొట్టు మెట్లు తగులుతాయి. ‘ఫ్రెంచ్ వీధి ఫొటోగ్రాఫర్ కార్టియర్ బ్రెస్సాన్ 50తోనే తీశాడు కదా’ అంటారేమో. ఆయన వాడింది 35ఎంఎం ఫిల్మ్ లైకా. ఆ చూపు మీ 200డిలో రావాలంటే 30-31ఎంఎం దగ్గరికి రావాలి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఎఫ్/1.8 పెట్టి, అంటే లెన్స్ రంధ్రం బాగా తెరిచి, రెండు మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా వచ్చేది సుమారు 11 సెంటీమీటర్ల మందమే. నడిచే మనిషి అర అడుగు కదిలాడంటే కళ్ళు పోయి చెవులు మిగులుతాయి.

నా ఓటు క్యానన్ ఈఎఫ్-ఎస్ 24ఎంఎం ఎఫ్/2.8 ఎస్‌టీఎంకి. బరువు 125 గ్రాములు, మందం 22.8 మిల్లీమీటర్లు. బిగించాక కెమెరాకి లెన్స్ ఉందా లేదా అన్నట్టుంటుంది. ఫుల్ ఫ్రేమ్ లెక్కలో దాదాపు 38ఎంఎం. రెండు మీటర్ల దగ్గర నిలువుగా పట్టుకుంటే మనిషి పూర్తిగా పడతాడు, పక్కన కొట్టూ కాస్త కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్‌లో అయితే మీ బడ్జెట్‌లో సగం కూడా కాదు. మిగిలిన డబ్బు దాచుకోండి.

అసలు చిక్కు కెమెరా సైజు ఒక్కటే కాదు. కెమెరా ఎత్తాక జూమ్ తిప్పి, సగం నొక్కి, ఫోకస్ ముందుకూ వెనక్కీ వెతికి, అప్పుడు నొక్కుతారు. రెండు సెకన్లు గడిచిపోతాయి. ఎదుటి మనిషి చొక్కా సర్దుకోవడానికి అది చాలు. ఆ రెండు సెకన్లు ముందే ఖర్చుపెట్టేయాలి.

ఎలాగంటారా? మోడ్ డయల్ ఎం (మాన్యువల్)లో పెట్టండి. షట్టర్ 1/500 సెకను, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/8, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన) ఆటో. రెండున్నర మీటర్ల దూరంలో ఉన్న ఏ స్తంభం మీదో ఫోకస్ చేసి, లెన్స్ పక్కనున్న మీటను ఏఎఫ్ (ఆటోఫోకస్) నుంచి ఎంఎఫ్ (చేతి ఫోకస్)కి జరపండి. అంతే. ఇక ఒకటిన్నర మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. ఇప్పుడు కెమెరాకి వెతకాల్సిన పని లేదు, నొక్కగానే తీస్తుంది. ఈ లెన్స్ మీద దూరం అంకెలు ఉండవు, ఫోకస్ రింగ్ కూడా మోటారుతోనే పనిచేస్తుంది. కాబట్టి కెమెరా ఆపి మళ్ళీ ఆన్ చేసిన ప్రతిసారీ ఫోకస్ ఒకసారి సరిచూసుకోండి.

మిట్టమధ్యాహ్నం ఎండలో ఈ సెట్టింగ్‌కి ఐఎస్ఓ 125 దగ్గరే ఉంటుంది. గల్లీ నీడలోకి వెళ్తే వెయ్యి దాకా ఎక్కుతుంది, ఏం ఫరవాలేదు. చీకటి పడి దుకాణాల దీపాలు మాత్రమే మిగిలినప్పుడు ఎఫ్/8 పట్టుకుని వేలాడొద్దు. షట్టర్ 1/250కి, ఎపర్చర్ ఎఫ్/2.8కి మార్చి ఆటోఫోకస్‌కి రండి. ఎఫ్/8 దగ్గర ఐఎస్ఓ 12800 అడిగే చోట ఎఫ్/2.8 అయితే 1600తో సరిపెడుతుంది. ఆ తేడా ఫొటోలో గరుకుగా కనిపిస్తుంది.

మీ 200డి స్క్రీన్ పక్కకు తెరుచుకుంటుంది కదా, దాన్ని వాడండి. కెమెరాని ఛాతీ దగ్గరే ఉంచి కిందికి చూస్తూ తీస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కంటి దగ్గరికి ఎత్తితేనే అందరూ చూస్తారు. ఇలా స్క్రీన్ మీద చూస్తూ తీస్తే (లైవ్ వ్యూ) బ్యాటరీ త్వరగా అయిపోతుంది, ఇంకొకటి జేబులో వేసుకోండి.

కొనేముందు ఒక పని. వీధిలో తీసిన పాత ఫొటోల్లో మీకు నచ్చినవన్నీ ఒక ఫోల్డర్‌లోకి తెచ్చి, విండోస్‌లో వివరాల వరుసలో ఫోకల్ లెంగ్త్ (లెన్స్ ఎంఎం అంకె) కాలమ్ జోడించి చూడండి. ఎక్కువ శాతం 20 నుంచి 30 మధ్య ఉంటే 24 కళ్ళు మూసుకుని కొనొచ్చు. అన్నీ 50 దాటి ఉంటే నా సలహా మీకు కుదరదు, 50ఎంఎం తీసుకోండి. ఇంకా అనుమానంగా ఉంటే 18-55ని 24 దగ్గర పెట్టి, టేపు అంటించి రెండు ఆదివారాలు తిరగండి. పగటి పూట ఎఫ్/8లో రెండు లెన్స్‌ల ఫొటోలకీ తేడా చెప్పడం కష్టం. 24 కొంటే మీకు దక్కేది చిన్న సైజు, సాయంత్రం వెలుగు.

ప్రశ్న: లక్షన్నర దాకా పెట్టగలను. ఫ్యూజీఫిల్మ్ ఎక్స్100వీఐ మీద మనసుంది. రికో జీఆర్ 3ఎక్స్ కూడా బాగుందంటున్నారు. ఏది కొనమంటారు?
— వస్త్ర వ్యాపారి, విజయవాడ

జవాబు: ఫ్యూజీ 2024లో వచ్చింది. 40 మెగాపిక్సెళ్ళు, 23ఎంఎం ఎఫ్/2 లెన్స్, బరువు 521 గ్రాములు. చూడటానికి పాతకాలపు ఫిల్మ్ కెమెరాలా ముచ్చటగా ఉంటుంది. ఆ ముచ్చటే చిక్కు తెస్తుంది, ‘ఇదేం కెమెరా సార్, ఎంత?’ అని అడిగేవాళ్ళు ఎక్కువవుతారు. రికో 2021 నాటిది. 24 మెగాపిక్సెళ్ళు, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 40ఎంఎం, బరువు దాదాపు 262 గ్రాములు. అచ్చంగా చొక్కా జేబు సరుకు, నల్లగా ఉంటుంది, ఎవరి కంటికీ ఆనదు. రెండింటిలోనూ షట్టర్ లెన్స్ లోపలే ఉంటుంది కాబట్టి చప్పుడు దాదాపు వినిపించదు.

మీరు అడిగింది మనుషులకు తెలియకుండా సహజంగా తీయడం గురించే అయితే రికో అంటాను. పైన చెప్పిన ముందస్తు ఫోకస్‌ని ఈ కెమెరాలో ఒక సదుపాయంగానే ఇచ్చారు. స్నాప్ ఫోకస్ అంటారు. దూరం రెండు మీటర్లో రెండున్నరో ముందే ఎంచుకుని, బటన్ ఒక్కసారిగా కిందిదాకా నొక్కితే ఆటోఫోకస్‌తో పని లేకుండా ఆ దూరానికి తీసేస్తుంది. ఫిల్మ్ రోజుల్లోనే జపాన్‌లో డైడో మోరియామా లాంటి వీధి ఫొటోగ్రాఫర్లు రికో జీఆర్ పట్టుకుని వీధులు తిరిగారు.

లోపాలూ వినండి. కంటితో చూసే వ్యూఫైండర్ లేదు. మే నెల విజయవాడ ఎండలో స్క్రీన్ మీద ఏముందో ఊహించుకోవడమే. బ్యాటరీ 200 ఫొటోలకి అటూ ఇటూ. ఫ్లాష్ లేదు. మీరు గుడికీ, పెళ్ళికీ, ప్రయాణానికీ ఒకే కెమెరా వాడతానంటే ఫ్యూజీయే హాయి. దాని ఆప్టికల్ వ్యూఫైండర్‌లో ఫ్రేము బయట ఏం జరుగుతోందో కూడా కనిపిస్తుంది, ఎవరు ఫ్రేములోకి నడిచి వస్తున్నారో ముందే తెలుస్తుంది. వీధి ఫొటోకి అది చిన్న లాభం కాదు. 2025లో జీఆర్ 4 కూడా వచ్చింది. అది 28ఎంఎం చూపు, లోపలే 53 జీబీ మెమరీ. జనానికి ఇంకా దగ్గరగా వెళ్ళే ధైర్యం ఉంటే అది చూడండి.

ప్రశ్న: కెమెరా కొనే స్తోమత లేదు. ఫోన్‌తో ఈ రకం ఫొటోలు వస్తాయా?
— డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: వస్తాయమ్మా. ఫోన్ పట్టుకున్న మనిషిని ఈ రోజుల్లో ఎవరూ చూడరు, ఆ విషయంలో లక్షల కెమెరాల కంటే మీరే ముందున్నారు. మెయిన్ కెమెరా ఎక్కువ ఫోన్లలో 24-26ఎంఎం చూపు ఉంటుంది, అదే వాడండి. పోర్ట్రెయిట్ మోడ్, నైట్ మోడ్ ఆపేయండి. నైట్ మోడ్ చాలా ఫ్రేములు తీసి కలుపుతుంది, నడిచే మనిషి దయ్యంలా చెదిరిపోతాడు. స్క్రీన్ మీద బొటనవేలితో వెతకడం మాని వాల్యూమ్ బటన్‌తో నొక్కండి. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి పవర్ బటన్ రెండుసార్లు నొక్కితే లాక్‌లో ఉన్నా కెమెరా తెరుచుకుంటుంది, సెట్టింగ్స్‌లో ఆన్ చేసుకోండి.

ప్రశ్న: అడగకుండా ఫొటో తీస్తే కేసు అవుతుందా?
— పేరు రాయలేదు

జవాబు: బహిరంగంగా రోడ్డు మీద నడిచే మనిషిని సొంతానికి ఫొటో తీయకూడదని మన దగ్గర ప్రత్యేక చట్టం లేదు. కానీ మహిళల ఆంతరంగిక సమయాల్లో చాటుగా తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. ఫొటోని ప్రకటనకి వాడాలంటే ఆ మనిషి అనుమతి కావాలి. ఎవరైనా ‘తీసేయండి’ అంటే వాళ్ళ ముందే డిలీట్ చేయండి, వాదన వద్దు. ఇక చార్మినార్ లాంటి పురావస్తు శాఖ కట్టడాల దగ్గర ట్రైపాడ్‌కి అనుమతి తీసుకోవాలి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో రికో జీఆర్ 3 దొరుకుతోంది. సముద్రం ఒడ్డున ఉంటాం. ఏం చూసి కొనాలి?
— బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: ఈ కెమెరాకి దుమ్ము పెద్ద శత్రువు. ఆన్ చేసినప్పుడల్లా లెన్స్ బయటికి, ఆపినప్పుడల్లా లోపలికి వెళ్తుంది, కొలిమి తిత్తిలా గాలితో పాటు దుమ్మునీ లాగుతుంది. దుమ్ము, తడి లోపలికి పోకుండా సీలింగ్ లేదు. లెన్స్ ఊడదు కాబట్టి సెన్సర్ మీద పడిన దుమ్మును ఇంట్లో తుడుచుకోలేరు.

కొట్లో అడిగి ఎఫ్/16 పెట్టి ఆకాశాన్నో, తెల్లగోడనో ఫోకస్ లేకుండా తీయండి. స్క్రీన్ మీద పెద్దది చేసి నాలుగు మూలలూ చూడండి. బూడిదరంగు చుక్కలు కనిపిస్తే దుమ్మే. తర్వాత లెన్స్‌లోకి ఫోన్ టార్చ్ ఏటవాలుగా వేయండి. సాలెగూడు దారాల్లా తెల్లగా కనిపిస్తే అది బూజు. తేమ ఊళ్ళలో బీరువాలో మూసిపెట్టిన లెన్స్‌లకి పట్టేది ఇదే. చుక్కలుంటే శుభ్రం చేయించే ఖర్చు అమ్మేవాడి ధరలో తగ్గించమనండి. బూజుంటే ఎంత తగ్గించినా వద్దు. కొన్నాక గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి పెట్టుకోండి, నీలం గింజలు గులాబీ రంగుకి మారితే వేడి చేసి ఆరబెట్టి మళ్ళీ వాడుకోవచ్చు.